రాత్రి బండి ఏడ ఆపుదాం వదినా?

వదినా, బట్టలు ఆరేసుడు అయినంక జర గోడ కాడికి రా. షెడ్డోళ్లు గీసిచ్చిన కాగితం అన్న నిన్న చూపిచ్చిండు. మీరు క్యారవాన్ చేపిచ్చుకుంటున్నరంటే నాకు మస్తు సంతోషం. గానీ ఆ కాగితంల పెద్ద టీవీ ఉన్నది, తిరిగే సోఫా ఉన్నది, సీలింగుల నీలం లైట్లున్నయి. మీ అత్తమ్మ బాత్రూంల పట్టుకోనీకె ఒక రాడ్డు లేదు. రాత్రి ఏడ ఆపుతరు అంటే, "ఏదో ఒక బంకు కాడ" అన్నడు అన్న. కష్టమంతా ఆడనే ఉంటది. పైసలు కట్టకముందే చెప్తున్న, ఇను.

క్యారవాన్ అనంగనే మనకు సినిమావోళ్ల బండి యాదికొస్తది. అది షూటింగ్ కాడ పొద్దంతా ఒక్క జాగల నిలబడే బండి. పక్కన జనరేటర్ ఉంటది, నీళ్లు తెచ్చేటోళ్లు ఉంటరు. మనం పోయేది బాసర దిక్కు, శ్రీశైలం దిక్కు. బండిల్నే బతుక్కుంట ఊరూరు తిరుగుడు అంటే నాకు ఎన్టీఆర్ చైతన్యరథం గుర్తుకొస్తది. 1982 మార్చి 29న పార్టీ పెట్టిండు. పాత షెవర్లే వ్యాన్‌ను మార్పిచ్చుకొని, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగిండు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే తిండి. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయిండు. ఆయన రోడ్డు పక్కన స్నానం జేస్తే జనం దండం పెట్టిన్రు వదినా. ఆ పని నువ్వు జెయ్యగలవా, నేను జెయ్యగలనా?

బస్సుల దూరం పోవాలంటే పొద్దుగాల నుంచి నీళ్లు తాగకుండ కూసునుడు మనకు చిన్నప్పటి నుంచే అలవాటు జేసిన్రు. మా అత్తకు షుగరున్నది, మోకాళ్లు వంగవు. ఆమె కోసమే మేం మా క్యారవాన్ తీసుకున్నం. ఆమె కడుపు నిండ నీళ్లు తాగి ప్రయాణం చేసుడు చూసినంక, ఈ బండి సోకు కోసం కాదని నాకు గట్టిగ అర్థమైంది. దారిల వేరే క్యారవాన్లోళ్లు కలుస్తరు గదా, ఆడోళ్లం నిలబడి మాట్లాడుకునేది ఇదే. టీవీ ఎంత పెద్దదని ఎవ్వరు అడగరు. "డబ్బా ఏడ ఖాళీ చేసిన్రు?" అని అడుగుతరు.

డబ్బా అంటే తెల్వదు గదా నీకు. కమోడ్ కింద ఇరవై లీటర్లకు అటిటుగ ఒక పెట్టె ఉంటది, బయటి దిక్కు నుంచి గుంజుతే వస్తది. నలుగురుంటే రెండు రోజులకు నిండుతది. యూరప్‌ల క్యాంపు జాగలల్ల దాన్ని పారబోసి కడగనీకె ఒక తొట్టి, ఒక నల్లా, కరెంటు ప్లగ్గు ఉంటయి. జర్మనీల చిన్న చిన్న ఊర్లు గూడ ఇసొంటి బండ్ల కోసం రాత్రి ఆపుకునే జాగలు పెట్టినయి. మన దగ్గర బంకోళ్లను బతిమాలాలె. కొందరు చాటుగ చేన్లల్ల పారబోస్తరు. అది తప్పు వదినా, ఆ చేను ఒక రైతుది.

కేంద్రం 2024 అక్టోబర్‌ల హమ్‌సఫర్ అని ఒక పాలసీ తెచ్చింది. హైవేల పొడుగున బంకులు, హోటళ్ల కాడ శుభ్రమైన బాత్రూంలు, వీల్‌చెయిర్లు, పసిపిల్లల తల్లులకు గదులు ఉండాలంటది. మంచిది. అందుల్నే ఒక మూలకు డబ్బా పారబోసే గుంత, తాగే నీళ్ల నల్లా, 16 ఆంపియర్ ప్లగ్గు పెడితే మనకు సగం బాధ తీరుతది. పెద్ద ఖర్చు గాదు. మన టూరిజమోళ్ల హరిత హోటళ్లు బాసరల ఉన్నయి, రామప్ప కాడ ఉన్నయి, లక్నవరంల ఉన్నయి. వాటి పార్కింగుల రెండు బండ్ల జాగ ఇచ్చి, రాత్రికింత అని తీసుకోమను. మేం ఇస్తం. కేరళ 2021ల క్యారవాన్ల కోసమే పాలసీ తెచ్చి పార్కులు పెట్టబట్టింది. వాళ్లకు అయింది మనకెందుకు గాదు?

శ్రీశైలం ముచ్చట చూడు. నల్లమల అడివిల రాత్రి తొమ్మిది నుంచి పొద్దుగాల ఆరు దాకా బండ్లను పోనియ్యరు, మన్ననూరు చెక్‌పోస్టు కాడనే ఆపుతరు. జంతువుల కోసం అది సరైన పనే. మరి తొమ్మిది దాటినంక ఆడికి చేరిన ముసలోళ్లు, పిల్లలు ఏడుండాలె? అడివి బయట, లైట్లుండి ఒక కాపలా మనిషుండే జాగ ఆడ తప్పకుండ కావాలె.

మనోళ్లకు బండి సంసారం కొత్తగాదు వదినా. 2024 ఫిబ్రవరిల మేడారం జాతర నాలుగు రోజులు ఎడ్లబండ్ల మీద వచ్చినోళ్లను చూడు. ఎడ్లను ఇడిచి, బండి నీడకు పొయ్యి పెట్టి, ఆడనే పండుకుంటరు. ఆగనీకె జాగ దొరికితే మిగిలిందంత మన ఆడోళ్లు చూసుకుంటరు.

ఇగ ఏసీ. మే నెలల రాత్రి ఏసీ లేకుంటే రేకు బండిల పండుకోలేం. ముప్పావు టన్ను ఏసీ ఎనిమిది గంటలు నడుస్తే ఐదు యూనిట్ల దాకా గుంజుతది. బండి మీద 500 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు పడ్తయి, మంచి ఎండకు రోజుకు నాలుగు యూనిట్లిస్తయి. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు కలుపుకుంటే తక్కువ పడ్తది. సోలార్ పెడితే సాలని షెడ్డోళ్లు చెప్తే నమ్మకు. ఇంట్ల ఇన్వర్టర్‌కు పెట్టే లెడ్ బ్యాటరీ వద్దు, సగానికంటే ఎక్కువ వాడితే తొందరగ చెడిపోతది. లిథియంది పెట్టిచ్చుకో, బరువు గూడ తక్కువ. మేమందరం ఎదురుచూసేది కరెంటుతోని నడిచే వ్యాన్ కోసం. దాని బ్యాటరీల 60 యూనిట్లుంటే రాత్రి ఏసీకి ఐదు యూనిట్లు పెద్ద లెక్కనే గాదు. ఇంజన్ చప్పుడు, పొగ లేకుండ పక్కోళ్ల నిద్ర పాడుగాకుండ ఉంటది.

నీళ్లు లీటరుకు కిలో బరువు, మర్చిపోకు. రెండొందల లీటర్ల ట్యాంకంటే ముగ్గురు మనుషులను ఎక్కిచ్చుకున్నట్టే.

కాగితాల సంగతి అన్నకు గట్టిగ చెప్పు. కంపెనీ చేసిన బండి ఆకారం ఇష్టమొచ్చినట్టు మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు చెప్పింది. క్యారవాన్లకు ఏఐఎస్-124 అని ఒక ప్రమాణమున్నది. దాని ప్రకారం చేసి, ఆర్‌సీల క్యారవాన్ అనే ఎక్కాలె. లేకుంటే రేపు ఏమన్న అయితే ఇన్సూరెన్సోళ్లు చేతులెత్తేస్తరు. బరువు 7,500 కిలోల లోపు ఉంటే కారు లైసెన్సే సాల్తది. నువ్వే నడుపొచ్చు. నవ్వకు, నేను నడుపుతున్న గదా! అందుకే చిన్న బండి చేపిచ్చుకో అంటున్న. మహీంద్రావోళ్లు 2022ల ఐఐటీ మద్రాసు నుంచి వచ్చిన ఒక స్టార్టప్‌తోని కలిసి బొలెరో మీదనే క్యాంపర్ చేస్తమన్నరు. నాకు ఆ ఆలోచన నచ్చింది.

చిన్నదనుడు ఎందుకంటే, మన గుండ్లపోచంపల్లి గల్లీలు చూడు. అపెరల్ పార్కుల షిఫ్టు వదిలి ఆడపిల్లలు మన ఇంటి ముందటి నుంచే నడుచుకుంట పోతరు. పెద్ద బండి అడ్డం పెడితే వాళ్లు చీకట్ల రోడ్డు నడుమకు దిగాలె. బండి మన గేటు లోపల పట్టాలె, లేకుంటే వద్దు. ఎత్తు గూడ కొలుచుకోవాలె, రైల్వే పట్టాల కింద దారులల్ల బండి మీదున్న ఏసీ తగులుతది. ఇంటి నుంచి బయటపడితే కొంపల్లి, మేడ్చల్ నడుమ 44వ నంబర్ హైవే ఎక్కుతం. ఒక దిక్కు శ్రీనగర్, ఇంకో దిక్కు కన్యాకుమారి. ఇసొంటి రోడ్డు ఇంటి ముంగటున్నోళ్లు ఎంతమంది?

హరిత హోటళ్లల్ల జాగ, నల్లా, ప్లగ్గు, గుంత ఇయ్యమని టూరిజం ఆఫీసుకు ఒక అర్జీ రాసిన. తెలుగులనే రాసిన. దారిల కలిసిన క్యారవాన్లోళ్లు కొందరు సంతకం పెడతమన్నరు. పొద్దుమూకి మా పిల్లతోని పంపిస్త, నిమ్మలంగ చదువు. మన్ననూరు ముచ్చట ముందర పెట్టాల్నా, ఆఖరికి పెట్టాల్నా నాకు తెలుస్తలేదు, నువ్వు చూసి చెప్పు.