చుక్క కనిపించని మూడు రోజులు



2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరిన ఎంహెచ్370 విమానం 239 మందితో అదృశ్యమైంది. వారిలో ఐదుగురు భారతీయులు. 2018 జనవరిలో సీబెడ్ కన్‌స్ట్రక్టర్ అనే నౌక దక్షిణ హిందూ మహాసముద్రంలో దాన్ని వెతకడం మొదలుపెట్టింది. అప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. రోజూ రాత్రి హాస్టల్లో ఫోన్ తెరిచి ఆ నౌక ఎక్కడుందో చూసేదాన్ని.

ఎలా అంటారా? పెద్ద నౌకల్లో ఏఐఎస్ అనే పరికరం ఉంటుంది. నౌక పేరు, ఉన్న చోటు, వేగం, దిశ రేడియో సంకేతాలుగా పంపుతూ ఉంటుంది. తీరం దగ్గరైతే ఒడ్డునున్న రిసీవర్లు, నడిసముద్రంలో అయితే ఉపగ్రహాలు వాటిని అందుకుంటాయి. మ్యాపు మీద మనకు ఒక చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క పొలం దున్నుతున్నట్టు చాళ్లు చాళ్లుగా తిరిగేది. నౌక నుంచి దిగిన మానవరహిత వాహనాలు సోనార్‌తో సముద్రపు అడుగును గాలించేవి.

జనవరి నెలాఖరున చుక్క మాయమైంది. ఇంకేముంది, విమానం దొరికేసిందని రూమ్మేట్లకు ఖాయంగా చెప్పేశాను. చాలామంది నాలాగే కథలు అల్లారు. దాదాపు మూడు రోజులకు చుక్క తిరిగొచ్చింది. విమానం దొరకలేదు. సిగ్నల్ రావడం లేదన్నదొక్కటే నాకు తెలిసిన సంగతి. మిగతాదంతా నేను కలిపిందే. ఆ మాట ఆ 239 మంది ఇళ్లవాళ్ల చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించనే లేదు.

1,12,000 చదరపు కిలోమీటర్లకు పైగా వెతికి, ఆ ఏడాది ఖాళీ చేతులతోనే ఆపేశారు. కానీ అదే నౌక నవంబరులో, 44 మందితో గల్లంతైన అర్జెంటీనా జలాంతర్గామి సాన్ హువాన్‌ను అట్లాంటిక్‌లో దాదాపు 900 మీటర్ల లోతున కనిపెట్టింది.

ఈమధ్య మా క్లాసులో గలగలా మాట్లాడే ఒక బాబు మూడు రోజులు నోరు విప్పలేదు. 'చదువు మీద శ్రద్ధ తగ్గింది' అని డైరీలో రాయబోయాను. ఆ నౌక గుర్తొచ్చి పెన్ను పక్కన పెట్టాను. లంచ్ బ్రేక్‌లో వాడి పక్కన కూర్చున్నాను. మొదటి రోజు ఏమీ చెప్పలేదు. రెండో రోజు, "తాతయ్య హాస్పిటల్లో ఉన్నారు మిస్" అన్నాడు.

మీ ఇంట్లోనూ పిల్లలు ఉన్నట్టుండి మౌనంగా అయిపోతే, కారణం మనమే రాసేయకుండా కాసేపు పక్కన కూర్చుందాం. ఒక్క రోజులో చెప్పకపోవచ్చు. మర్నాడు మళ్లీ కూర్చుందాం.