రిజిస్టరుకు ఎక్కని వ్యాధి

మన సంస్థ ఆసుపత్రి రికార్డుల విభాగంలో నేను పనిచేసిన ఇరవై రెండు సంవత్సరాలలో వేలాది కేసు షీట్లు నా చేతిమీదుగా వెళ్ళాయి. డిశ్చార్జి అయిన ప్రతి రోగికీ ప్రధాన వ్యాధి ఏదో చూసి, రిజిస్టరులో ఆ పద్దు కింద నమోదు చేయడం నా విధి. పిల్లల వార్డుకు సంబంధించి అతిసారం, న్యుమోనియా, తట్టు అనే పద్దులు ఏటా నిండుగా ఉండేవి. విటమిన్ ఏ లోపం అనే పద్దు మాత్రం దాదాపు ఖాళీగానే మిగిలేది. ఆ ఖాళీని చూసి, మన ప్రాంతానికి ఆ బెడద లేదని ఎవరైనా సంతోషించవచ్చు. అది ఎంత నిరాధారమైన సంతోషమో ఒక కేసు షీటు నాకు తెలియజెప్పింది.

ఆ పాపకు రెండేళ్ళు. తండ్రి కాంట్రాక్టు కూలీ. తట్టు పోసిన వారానికి విరేచనాలు పట్టుకోగా తల్లి భుజాన వేసుకుని తెచ్చింది. పది రోజుల చికిత్సతో ప్రాణం దక్కింది. కాని ఆసుపత్రికి చేరేనాటికే కుడికంటి నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోయింది. డిశ్చార్జి కాగితంలో 'తట్టు, అతిసారం. కోలుకున్నది' అని ఉన్నది. అందులో అసత్యమేమీ లేదు. అయితే లెక్కలలో నయమై వెళ్ళిన ఆ రోగి, తన ఇంటికి ఒక కన్ను కోల్పోయి చేరింది.

ఇదెలా జరిగిందని పిల్లల వైద్యుని అడిగాను. కంటికే గాక, ఊపిరితిత్తులకూ ప్రేగులకూ లోపలి పొరను కాపాడేది విటమిన్ ఏ. అది తగ్గితే ఆ పొర బలహీనపడి అంటువ్యాధులు సులభంగా సోకుతాయి. సోకిన వ్యాధి, కాలేయంలో మిగిలిన కొద్దిపాటి నిల్వను కూడా హరిస్తుంది. తట్టు వంటి జబ్బు వచ్చినపుడు, అంతవరకు బయటపడని లోపం కొద్ది రోజులలోనే కంటిని బలిగొనవచ్చు. ఆసుపత్రిలో మంచం ఆక్రమించేది అతిసారమో న్యుమోనియానో. దాని వెనుక ఉన్న లోపానికి రిజిస్టరులో చోటుండదు.

2016–18 మధ్య మన దేశంలో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, ఒకటి నుండి నాలుగేళ్ళ పిల్లలలో సుమారు 18 శాతానికీ, ఐదు నుండి తొమ్మిదేళ్ళవారిలో 22 శాతానికీ ఈ లోపం ఉన్నట్లు రక్తపరీక్షలలో తేలింది. నల్లగుడ్డు కరిగిపోయే దుస్థితి నేడు అరుదైనది. కాని పైకి కనిపించని లోపం తొలగిపోలేదు.

ఆసుపత్రిపై దీని భారమెంతో చెప్పే అధ్యయనమొకటి 1990లో దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నుండి వెలువడింది. తీవ్రమైన తట్టుతో చేరిన 189 మంది పిల్లలలో కొందరికి విటమిన్ ఏ ఇచ్చారు. మిగిలినవారికి మందులేని నమూనా ఇచ్చారు. విటమిన్ అందిన 92 మందిలో ఇద్దరు మరణించగా, అందని 97 మందిలో పదిమంది మరణించారు. అందినవారు సగటున 11 రోజులలోపే ఇంటికి వెళ్ళారు. అందనివారికి దాదాపు 15 రోజులు పట్టింది.

మన దేశంలో పిల్లలకు విటమిన్ ఏ ద్రావణమిచ్చే పథకం 1970లోనే మొదలైనది. తొమ్మిదవ నెలలో తట్టు టీకాతోపాటు లక్ష యూనిట్లు, పిదప ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల చొప్పున ఐదేళ్ళు నిండేవరకు మొత్తం తొమ్మిది మోతాదులు. మోతాదు మించితే హాని గనుక ఆరోగ్య కార్యకర్త చేతిమీదుగానే వేయించాలి. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు తరచుగా తినిపించాలి. ఆకుకూరలో కాస్త నూనె పడితేనే అందులోని సారం ఒంటబడుతుంది. రేచీకటికి మేక కాలేయం తినిపించిన మన పెద్దలకు విటమిన్ పేరు తెలియకపోయినా, మందు తెలుసు.

మన క్వార్టర్ల పెరళ్ళలో గొంగళి పురుగులు పడుతున్నాయని మునగకొమ్మలు నరికించి పారవేస్తున్నాము. ప్రహరీగోడ అవతల గుడిసెలలో పిల్లలకు ఆకుకూర కొనే స్తోమత ఉండదు. పురుగు పట్టని కాలంలో నాలుగు రెమ్మలు అటు పంపడం మనకు భారం కాదు. ఇంట్లో పనికి వచ్చే తల్లిని బిడ్డ టీకాల కార్డు తెమ్మని అడిగి, ఎన్ని మోతాదులు పడ్డాయో చదివి చెబుదాము. చీకటి పడగానే బిడ్డ గడప తడుముకుంటున్నదని ఆమె అన్నదంటే, మరునాటికి వాయిదా వేయక ఆసుపత్రికి పంపుదాము.