మాండొలినుకు తగిన సొమ్ములు

బడిపంతులుగారి ఇల్లాలికి యాంప్లిఫైయరుల గొడవ యేల యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. రెండేండ్ల క్రిందటనైన మేమును అట్లే నవ్వియుందుము. అమరకోశమును, వసుచరిత్రమును తండ్రిగారి యొద్ద ఇంటనే చదువుకొన్నవారమే కాని, వోల్టనిన నేమో, వాట్టనిన నేమో మే మెరుగము. అయినను చేతిగాజులు కుదువబెట్టి నేర్చుకొన్న పాఠమును దాచుకొన్నచో ఎవరికేమి లాభము? దీనిని చదివిన తరువాత మరియొక తల్లి గాజులైనను చేతనే నిలుచునను ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కాపురము నందిగామలో. మావారు ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పుచున్నారు. మా పుట్టినిల్లు జగ్గయ్యపేట. రెండూళ్లును కృష్ణాజిల్లా మెట్టసీమలోనివే. 2022 లో జిల్లాలు విడదీసినప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. మా పెద్దమ్మాయికి పదమూడవ యేడు. ప్రతి ఆదివారమును హైదరాబాదు రోడ్డు మీది బస్సులో జగ్గయ్యపేటలోని తాతగారింటికి పోయి, ఆ వీధిలోనే యున్న గురువుగారి యొద్ద మాండొలిను నేర్చుకొనుచున్నది.

వీణ యుండగా, వయొలిను ఉండగా ఈ మాండొలిను ఏమిటని మా అత్తగారు మొదటనే అడిగిరి. అందులకు కారణము మా తండ్రిగారు దాచిన క్యాసెట్లు. మాండొలిన్ శ్రీనివాస్ గారు 1969 లో పాలకొల్లున జన్మించిరి. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు విద్వాంసులు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు. 1978 లో మన గుడివాడలోనే, త్యాగరాజ ఆరాధనోత్సవమున, తొమ్మిదేండ్ల బాలుడుగా శ్రీనివాస్ గారు తొలి కచేరీ చేసిరి. 1998 లో పద్మశ్రీ నందిరి. 2014 సెప్టెంబరు 19 న నలువదియైదేండ్లకే మదరాసులో పరమపదించిరి. ఆ మహానుభావుని వాద్యము వినుచు మేము పెరిగితిమి. అదే చెవి మా బిడ్డకును వచ్చినది.

ఇటలీ దేశపు మాండొలినుకు నాలుగు జతల తీగె లుండును. మెడ పొట్టిది, మీటిన ధ్వని క్షణములో ఆరిపోవును. మన సంగీతమన్ననో స్వరమునకు స్వరమునకు నడుమనున్న చోటనే బ్రతుకుచుండును. జంటతీగెలను లాగి గమకము పలికించుట మిక్కిలి కష్టము. అందుచేత శ్రీనివాస్ గారు జంటలను విడిచి ఒంటితీగెలను, అవియు నాలుగు గాక అయిదింటిని, విద్యున్మాండొలినుపై అమర్చుకొనిరి. ఈ వాద్యమునకు వీణకు వలె కుండ లేదు. గట్టి చెక్క మాత్రమే. కాబట్టి వీణకు కుండ యెట్టిదో దీనికి యాంప్లిఫైయ రట్టిది. అది చప్పుడు పెంచు యంత్రమని మేము మొదట తలచితిమి. వాద్యములో సగము శరీర మదియే యని తెలియుటకు మాకు ఒక అవమానము కావలసివచ్చినది.

అది నిరుటికి ముందటి శ్రీరామనవమి. జగ్గయ్యపేటలో ఒక పందిరిలో మా అమ్మాయికి అరగంట అవకాశ మిచ్చిరి. మైకుసెట్టువారు మాండొలిను తీగెను నేరుగా తమ మిక్సరులో గ్రుచ్చిరి. పలుకు దుప్పటి ముసుగులోనుండి వచ్చినట్లు వచ్చినది. పెంచుమనగా పెంచిరి, పలుకుతోబాటు ఝుమ్మను రొదయు పెరిగినది. ఇంకను పెంచగా ఎదుటనున్న మైకు కూతపెట్టినది. ముందు వరుసలోని పిల్లలు చెవులు మూసికొని నవ్విరి. అమ్మాయి చరణము నడుమనే ఆపి, నమస్కారము చేసి దిగిపోయినది. ఇంటికి వచ్చి వాద్యమును సంచిలో పెట్టి, ఆ సంచిని అటక యెక్కించినది. "ఇంక వద్దమ్మా" అని ఒక్కమాట యనెను. నలువది దినములు ఆ సంచి దిగలేదు.

మేమును పెండ్లికి పూర్వము కొంత వీణ నేర్చినవారమే. పెండ్లియైన పిమ్మట ఎవ్వరును వలదనకయే మానుకొంటిమి. అందుచేత ఆ సంచి అటక యెక్కినప్పుడు మా గుండె యేల ఝల్లుమన్నదో వేరుగ చెప్పనక్కరలేదు. మావారు, "రెండేళ్లలో పదో తరగతి వస్తుంది, చదువుకోనియ్యి" అనిరి. ఆ మాటయు కాదనదగినది కాదు. అయినను మాట పడి మానుట వేరు, మనసొప్పి మానుట వేరు అని వాదించి, రెండు గాజులను బ్యాంకులో కుదువబెట్టి బెజవాడ పోయితిమి.

అచట మేము చేసిన తప్పులు రెండు. వాద్యమును తీసికొని పోలేదు. వాయించు బిడ్డనును తీసికొని పోలేదు. ఆశ్చర్యపరచవలెనని మా తలంపు! అంగడివాడు ఒక చిన్న గిటారు యాంప్లిఫైయరును, దానితో నూరు ధ్వనులు పలికించు పెడలు పెట్టెనొకదానిని అంటగట్టెను. ఇంటికి వచ్చి అమ్మాయిని బతిమాలి సంచి దింపించితిమి. మోహనరాగ మెత్తుకొనగా పెట్టెలోనుండి సినిమాలో కొట్లాట వచ్చినట్లు వచ్చినది. మరియొక మీట నొక్కగా ఒక స్వరము నాలుగు మారులు మారుపలికినది. వేరొకటి నొక్కగా శ్రుతి నీటిలోని నీడ వలె ఊగినది. అత్తగారు గడపలో నిలిచి, "కాలితో తొక్కే దేమిటే అది? సరస్వతిని తొక్కుతారా?" అనిరి. అమ్మాయి మాత్రము మెల్లగా, "ఇది నా మాండొలిన్ కాదమ్మా" అనెను. గాజులు పోయిన దానికంటె ఆ మాట మమ్ము ఎక్కువ నొప్పించినది.

అప్పుడు గురువుగారిని ఆశ్రయించితిమి. ఆయన చెప్పినదానికి మావారు బడిలోని పాఠము జోడించి మాకు బోధపరచిరి. వాద్యముపై పికప్పనునది యొకటి కలదు. అయస్కాంతముపై సన్నని రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టినది. పైన ఉక్కుతీగె అదరినపుడు ఆ చుట్లలో బహు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని పుచ్చుకొను పెట్టె దానిని ఎక్కువగా లాగరాదు. గిటారు యాంప్లిఫైయరు ద్వారమున సుమారు పదిలక్షల ఓముల అవరోధ ముండును. మిక్సరులో లైనుకొరకుంచిన ద్వారమున పదివేల ఓముల ప్రాంతమే. అచట గ్రుచ్చినచో పసిబిడ్డ చేత బిందెడు నీళ్లు మోయించినట్లే. తారస్థాయి తేజమంతయు అణగిపోవును. నవమి పందిరిలో జరిగినది అదియే. నడుమ డి.ఐ. బాక్సను చిన్న పెట్టె యొకటి యున్నచో ఆ పరాభవము తప్పియుండును.

రొద సంగతియు అంతే. ఒకే చుట్టగల పికప్పు తీగెల అదురునే గాక, చుట్టునున్న దీపముల తోరణములలోను ట్రాన్స్‌ఫార్మరులలోను సెకనుకు 50 మారులు మారు విద్యుత్తును కూడ పట్టుకొనును. రెండు చుట్టలు ఎదురెదురుగా అమర్చిన పికప్పులో ఆ రొద ఒకదానితో నొకటి కొట్టివేసికొనును. ఒకే చుట్టయైనచో, కూర్చున్న దిక్కును కొంచెము మార్చినను రొద తగ్గును. ఇంటి గోడలో ఎర్తు సరిగా నుండవలెను. రొద తగ్గునని కొందరు ప్లగ్గులోని ఎర్తుకాడను విరుగగొట్టుదురు; అది ప్రాణాపాయము. బిడ్డల చేతికిచ్చు వస్తువులో అట్టి పని యెన్నడును చేయరాదు.

ఇక పెడళ్ల మాట. క్షేమేంద్రుడు ఔచిత్యమును గూర్చి చెప్పుచు, మొలనూలును మెడకు తగిలించుకొన్నచో నవ్వులపా లగుదురని హెచ్చరించెను. పదునొకండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మా నూరు ధ్వనుల పెట్టెను చూచియే చెప్పినాడా యనిపించినది. సొమ్ము మంచిదే, ఎచట పెట్టవలెనన్నదే ప్రశ్న. డిస్టార్షను అనునది ధ్వనిని విరుగగొట్టి లేని స్వరములను కలుపును. సినిమా గిటారుకు అది వీరరసము, మన ఆలాపనకు వికారము. కోరసు అనునది స్వరమునకు కొంచెము ఊగు జంటను చేర్చును. గమకము తానే ఊగుచుండగా దాని ప్రక్క మరియొక ఊపు చేరినచో శ్రుతి కలతపడును. డిలే మారుపలికించును, విలంబములో సొంపుగనే యుండును గాని, కల్పనస్వరములు త్వరితముగా సాగునప్పుడు వెనుకటి స్వరము ముందటిదానిపై పడి తాళమును చెరచును. రివర్బు గర్భగుడిలోని ప్రతిధ్వని వంటిది. ఉప్పు వలె చిటికెడు చాలును, రాతిమండపములో అదియు అక్కరలేదు. కంప్రెసరు ఒక్కటి మాండొలినుకు నిజముగా నప్పును. మీటినప్పటి గట్టిదెబ్బను అణచి, ఆరిపోవు తోకను పైకెత్తును. గమకమునకు ఊపిరి దొరకును. అదియు మితిమీరినచో రొదను గూడ పైకెత్తును, మెల్లనకు గట్టికి గల భేదమును తుడిచివేయును.

ఇవి యన్నియు చెడ్డవని మా అభిప్రాయము కాదు. శ్రీనివాస్ గారే 1995 లో మైకేల్ బ్రూక్ అను సంగీతకారునితో కలిసి యంత్రధ్వనుల నడుమ మాండొలిను పలికించి ‘డ్రీమ్’ అను ఆల్బమును వెలువరించిరి. తరువాత జాన్ మెక్‌లాగ్లిన్, జాకీర్ హుస్సేన్ గార్లతో ‘రిమెంబర్ శక్తి’ బృందమున వాయించిరి. ఆ సభ వేరు, నవమి పందిరి వేరు.

మరల బెజవాడ పోయితిమి. ఈ మారు అమ్మాయి, మాండొలిను, గురువుగారు కూడ వచ్చిరి. మొదటి పెట్టెలను తిరిగి యిచ్చివేయగా సగము సొమ్మే వచ్చినది. అంగడిలో మూడు యాంప్లిఫైయరులను వరుసగా నుంచి, అమ్మాయిని కన్నులు మూసికొమ్మని గురువుగారు ఆజ్ఞాపించిరి. ప్రతిదానిలోను ఒకటే పరీక్ష: తోడిలో గాంధారము నెమ్మదిగా ఊపుచు, అది పూర్తిగా ఆరిపోవువరకు వినుట. వాద్యముల గోష్ఠికి తగిన నిండుస్పీకరు గలదానిలో అన్నియు స్పష్టముగనే వినబడినవి గాని, మీటు పలక తీగెపై గీకిన చప్పుడును స్పష్టముగనే వినబడినది. వంతెన క్రింద పెట్టు పియెజో పికప్పుకు అది తగునని గురువుగారు చెప్పిరి. అతి చిన్నదానిలో మంద్రము బొంగురుపోయినది. పది అంగుళముల స్పీకరుతో, విరుపు లేక శుభ్రముగా పలుకు గిటారు యాంప్లిఫైయరులో గాంధారము గుండ్రముగా వచ్చినది. గిటారు స్పీకరు అయిదువేల ఆవృత్తులకు పైని ధ్వనిని చాలవరకు విడిచివేయునట. గీకుడు అందులో పోయినది, పాట మిగిలినది. అమ్మాయి కన్నులు తెరువకయే, "ఇదే" అనెను.

అది 40 వాట్లది. నూరు వాట్లది కొనుడని అంగడివాడు ఆశపెట్టెను గాని మావారు లెక్క ముందే చెప్పియుంచిరి: శక్తిని రెట్టింపు చేసినచో ధ్వని మూడు డెసిబెళ్లే పెరుగును, చెవికి రెట్టింపుగా తోచవలెనన్నచో ఇంచుమించు పదిరెట్లు శక్తి కావలెను. ఇంటికిని చిన్న కోవెలకును 40 చాలును. పెద్ద పందిరియైనచో దీని వెనుకనున్న లైను ద్వారమునుండి మైకుసెట్టువారికి తీగె నియ్యవచ్చును. రివర్బు దానిలోనే యున్నది. వేరుగా కొన్న పెడలు కంప్రెసరు ఒక్కటే. దానికి 9 వోల్టుల అడాప్టరు. సాధారణముగా ఈ పెడళ్లకు నడిమి కాడ ఋణమై యుండును, పెట్టెపై ముద్రించిన గుర్తును చూచి కొనవలెను.

అత్తగారి ఆక్షేపణయు తానే తీరినది. పెడళ్లు నిలుచుండి వాయించు దొరల కొరకు పుట్టినవి. మన విద్వాంసులు బాసిపట్లు వేసికొని కూర్చుందురు, కాలికి పని లేదు. ఒక చిన్న పీటపై కంప్రెసరును కుడిప్రక్క నుంచి, మొదటనే చేతితో మీట వేసి, కచేరీ ముగియువరకు ముట్టకుండునట్లు అమర్చితిమి. ఆ పీటకు అత్తగారే పసుపు బొట్టు పెట్టిరి.

ఈ యేటి పుష్యబహుళ పంచమినాడు నందిగామలో ఒక కోవెలలో త్యాగరాజ ఆరాధన జరిగినది. అమ్మాయికి మరల అరగంట. దీపముల తోరణము వెలుగగానే రొద కొంచెము తలయెత్తినది. మా గుండె ఆగినది. అమ్మాయి తొందరపడక పీటతో సహా పావువంతు తిరిగి కూర్చుండెను, రొద అణగినది. తరువాత అరగంటయు మేము శ్రోతలమే గాని తల్లులము కాము. తోడిలో గాంధార మారిపోవువరకు ఎవ్వరును కదలలేదు. ఇంటికి వచ్చుచు అత్తగారు, "అప్పుడు పెట్టె పలికింది, ఇవాళ పిల్ల పలికిందే" అనిరి.

కావున సోదరీమణులారా, ఇట్టి వస్తువు కొనదలచినచో వాయించువారిని, వారి వాద్యమును వెంట తీసికొని పొండు. మెల్లని గమక మొకటి వాయింపించి తుదివరకు వినుడు. పది అడుగులు వెనుకకు పోయి మరల వినుడు. ముందు యాంప్లిఫైయరు కొని, ఆరునెలలు దానితో వాయించిన పిమ్మట ఏది కొరతయో తెలిసికొని పెడలు మాట తలపెట్టుడు. మేము మొదట నూరు కొని, తుదకు ఒకటి మిగుల్చుకొంటిమి.

గాజులలో ఒకటి విడిపించితిమి. రెండవది యింకను బ్యాంకులోనే యున్నది. మొన్న అమ్మాయి మా యెడమచేతిని చూచి, "ఇంకోటి ఎప్పుడమ్మా?" అని అడిగెను. "నువ్వు భైరవి వర్ణం పూర్తిచేసిన నాడు" అంటిమి. పదో తరగతి పుస్తకముల ప్రక్కనే మాండొలిను సంచి యున్నది. అటక ఖాళీగా నున్నది.