పోచారం దారిలో ఒక పాఠం

ఉప్పల్ దాటి వరంగల్ రహదారిపై పోచారం చేరాము. పెట్రోలు పోయిస్తుండగా, వెంట వచ్చిన విద్యార్థి "హజ్రత్, ఇది ఎక్కడిది?" అని అడిగాడు. మేము ఇలా వివరించాము:

"ముడిచమురు 159 లీటర్ల పీపాల లెక్కన, డాలర్లలో అమ్ముడవుతుంది. మన దేశం అధిక భాగాన్ని విదేశాల నుండే కొంటుంది. గల్ఫ్ చమురు హోర్ముజ్ జలసంధి దాటి ఓడలలో వస్తుంది. 1957లో ప్రారంభమైన విశాఖ శుద్ధి కర్మాగారంలో ముడిచమురు పెట్రోలు, డీజిలుగా వేరవుతుంది. అక్కడి నుండి విజయవాడ మీదుగా గొట్టపు మార్గంలో, ఈ పొరుగునున్న ఘట్‌కేసర్‌కు చేరుతుంది. జలసంధిపై యుద్ధ మేఘాలు కమ్మితే చాలు, ప్రపంచమంతటా ధర పెరుగుతుంది."

బాలుని తండ్రి కువైట్ చమురు క్షేత్రంలో శ్రామికుడు. "అయితే ఇందులో మా అబ్బా చెమట కూడా ఉందేమో!" అన్నాడు.

ఉండవచ్చు. కనుకనే ప్రతి చుక్కా మన చేతిలోని అమానత్.