బొంత చుట్టూ

1988 ఎండాకాలం. నాకు పదేళ్లు. సత్తెనపల్లి పక్క పల్లెలో మా అమ్మమ్మవాళ్ల వసారాలో బొంత పరిచారు. మిరపకాయలు కళ్లాల్లోంచి గుంటూరుకు వెళ్లిపోయాక ఆడవాళ్లకు కాస్త తీరిక చిక్కేది.

కింద పాత దుప్పటి, మధ్యలో చినిగిన చీరలు, పంచెలు, పైన ఇంకా గట్టిగా ఉన్న నేతచీర. పొరలు జారకుండా ముందు టాకాలు వేసి, నలుగురూ నాలుగు అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేవారు. పొద్దున గొంతెత్తి మాట్లాడుకున్నవాళ్లు సాయంత్రానికి మోకాళ్లు తగిలేంత దగ్గరయ్యేవారు. అమ్మమ్మకు చత్వారం. సూదుల్లో దారం ఎక్కించడం నా పని, కాబట్టి వాళ్ల మాటలన్నీ విన్నాను.

అంతకు ముందటేడు తెల్లదోమ పత్తి చేలను పీల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులు తీరే దారిలేక పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా వీధిలో పెదనాన్న వరసాయన కూడా అలాగే పోయాడు. అప్పట్నుంచీ పెద్దమ్మ గడప దాటలేదు.

ఆ రోజు వచ్చింది. చంకలో మడతపెట్టిన పంచె. "పిన్నీ, ఇది గూడా పెట్టు" అంది. అంచున పచ్చటి మరక. మందు కొట్టేటప్పుడు పడింది, ఎంత ఉతికినా పోలేదు. అమ్మమ్మ ఆ ముక్క కత్తిరించబోతే, "ఉండనీ" అంది.

ఎవరూ ఏమీ అడగలేదు. అందరి చూపూ సూదుల మీదే. చాలాసేపటికి ఆమే చెప్పింది. ఆ రాత్రి ఆయన గొడ్లకు నీళ్లు పెట్టి, పిల్లలకు దుప్పటి కప్పి, చేను చూసొస్తానన్నాడట.

"లాంతరు పట్టుకెళ్లమన్నా. వెన్నెలుందిగా అన్నాడు."

ఆమె సూదిలో దారం అయిపోయింది. పక్కనామె తన దారం తెంపి ఇచ్చింది. కాసేపటికి ఒకామె తన ఇంటి బాకీ సంగతి ఎత్తింది. ఇంకొకామె నాన్తాడు తాకట్టులో ఉందని, మెడలో పసుపుతాడేనని చెప్పింది. అమ్మమ్మకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది.

2020లో కరోనా వచ్చినప్పుడు పొదుపు సంఘాలవాళ్లు మాస్కులు కుట్టారు. మా చెల్లెలూ కుట్టింది. ఆ డబ్బుతోనే ఇల్లు గడిచింది, దాన్ని తక్కువ చెయ్యను. "ఎవరింట్లో వాళ్లం కుట్టాం. మనిషితో మాట్లాడి ఎన్నాళ్లయిందో అక్కా" అని ఫోన్‌లో అంటుంటే నాకు ఆ వసారానే కళ్లముందుకొచ్చింది.

ఆ బొంతకు మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ పెద్దమ్మ వచ్చింది.