వేపచెట్టు కింద బడి పంచాంగం

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండన్నా అని తమ్ముళ్లు అడిగారు. మాకు కవితలు రావు. ఉపన్యాసాలు అంతకన్నా రావు. ఒకే ఊరి నుంచి వచ్చి, ఒకే గదిలో నాలుగు ట్రంకు పెట్టెలు పెట్టుకుని, పదో తరగతి దాకా చదివిన నలుగురం మేము. అందుకే మేము చేసిన ఒక తప్పును, దాని నుంచి నేర్చుకున్న ఒక పనిని నలుగురం కలిసి రాస్తున్నాము. తమ్ముళ్లూ, ఉగాదికి ఇంటికి వెళ్లేముందు ఈ నాలుగు ముక్కలు చదవండి.

మాది ఆదోని దగ్గర ఒక పల్లె. వాన కురిస్తే పంట, లేకపోతే సుగ్గి. సుగ్గి అంటే మా వైపు హాస్టల్ పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు. మిగతా వారి కోసం చెబుతున్నాము. ఊళ్లో పని అయిపోగానే ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోవడమే సుగ్గి. కొందరు లారీల్లో, కొందరు గుంతకల్లు నుంచి రైల్లో పోతారు. జనవరి మొదలు మార్చి, ఏప్రిల్ దాకా అక్కడే గుడిసెలు వేసుకుని ఉంటారు. ఊళ్లో అవ్వ గాని తాత గాని ఉంటే పిల్లల్ని వదిలి పోతారు. లేకపోతే వెంట తీసుకుపోతారు.

ఒకసారి ఆలోచించండి. బడికి సంబంధించిన ముఖ్యమైన కబుర్లన్నీ సరిగ్గా ఆ నెలల్లోనే వస్తాయి. ఒంటిపూట బడులు, వార్షిక పరీక్షలు, గురుకులాల దరఖాస్తులు, ఐదో తరగతి ముగించిన పిల్లల రికార్డు షీట్లు, వేసవి సెలవులు, అన్నీ ఫాల్గుణం, చైత్రాల్లోనే. చెప్పేవాళ్లు బడిలో ఉంటారు, వినవలసినవాళ్లు మిరప చేనులో ఉంటారు. మధ్యలో ఉన్నది చదువు రాని అవ్వ, పలక సంచీలో నలిగిపోయిన చీటీ.

2005లో మేము ఎనిమిదో తరగతి. మార్చిలో ఒక ఆదివారం ఇంటికి పోతే మా ఊరి ప్రాథమిక పాఠశాల సారు మమ్మల్ని పిలిచారు. “మీరు హాస్టల్లో చదువుతున్నారు కదా, రాయడం వచ్చు. సుగ్గికి పోయినవాళ్లకు మీరే కబురు చెయ్యండి” అని పేర్లు రాసి ఇచ్చారు. అందులో మాలో ఒకడి చెల్లెలి పేరు కూడా ఉంది. నాలుగో తరగతి చదువుతోంది. గురుకుల పాఠశాలలో ఐదో తరగతిలో చేర్చాలంటే దరఖాస్తు పెట్టాలి, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు కావాలి, వాటికి తండ్రి ఎమ్మార్వో ఆఫీసుకు రావాలి.

హాస్టల్‌కు వచ్చి స్టడీ అవర్‌లో అర్ధరూపాయి పోస్టు కార్డులు ముందేసుకుని కూర్చున్నాము. మాకప్పుడు ఎంత గర్వమో! తెలుగు సారు నేర్పిన లేఖారచన అంతా ఆ కార్డుల మీద చూపించాము. “గౌరవనీయులైన చిన్నాయన గారికి నమస్కరించి వ్రాయునది” అని మొదలుపెట్టి, క్షేమ సమాచారాలకే సగం కార్డు నింపాము. అసలు సంగతి చివర ఒక్క వాక్యం: “గడువు దగ్గర పడుతున్నందున సత్వరమే రాగలరు.” తేదీ రాయలేదు. ఏ కాగితాలు కావాలో రాయలేదు. మేస్త్రి పేరు మీద కార్డు డబ్బాలో వేసి, పని అయిపోయిందనుకున్నాము.

కార్డు చేరింది. మేస్త్రి చదివి వినిపించాడు కూడా. ఆ చిన్నాయన దాన్ని ఇలా అర్థం చేసుకున్నాడు: గడువు దగ్గర పడింది, ఉగాదికి ఎటూ పోతాము కదా, అప్పుడు చూసుకుందాము. ఆయన తప్పేమీ లేదు. అంతకు ముందు ఏడాది, 2004లో, ఉగాది మార్చి 21న వచ్చింది. 2005లో ఏప్రిల్ 9న వచ్చింది. మధ్యలో అధిక శ్రావణం రావడం వల్ల పండుగ పందొమ్మిది రోజులు వెనక్కి జరిగింది. బడి ఇంగ్లీషు తేదీల మీద నడుస్తుంది. మా వాడ తిథుల మీద, కార్తెల మీద నడుస్తుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా మాకు తట్టలేదు.

పండుగకు రెండు రోజుల ముందు వాళ్లు దిగేసరికి గడువు దాటి వారం అయింది. చిన్నాయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ పాప అవ్వ మాత్రం అరుగు మీద కూర్చుని అడిగింది.

“ఏమప్పా, కార్డు రాసినారంట కదా. ఉగాదికి ముందో వెనకో ఒక్క మాట రాసింటే మావాడు వచ్చేవాడు కాదా? తేదీలంటే మాకేం తెలుస్తాయి?”

తేదీ కూడా మేము రాయలేదని ఆమెకు తెలియదు. మేము తలలు వంచుకుని నిలబడ్డాము.

ఆ వానాకాలంలో అవ్వ చనిపోయింది. పాపను చూసుకునేవాళ్లు లేరు. సీటు వచ్చి ఉంటే గురుకులంలో ఉండేది. రాలేదు కాబట్టి అమ్మానాన్నల వెంట సుగ్గికి పోయింది. ఆ ఏడాదీ, ఆ తరువాతి ఏడాదీ మిరపకాయలు కోసింది. వేళ్లు మండుతుంటే రాత్రిళ్లు నీళ్లలో పెట్టుకుని పడుకునేదట. ఈ మాట వాళ్లన్న హాస్టల్ మేడ మీద మాకు చెప్పిన రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

2006లో ఉగాది మార్చి 30న వచ్చింది. ఈసారి ముందే మేము సారు దగ్గరకు పోయి అన్ని తేదీలూ అడిగి నోటు పుస్తకంలో రాసుకున్నాము. పండుగ నాడు గుడి దగ్గర పంచాంగ శ్రవణం జరిగింది. మా వాడకు అది ఎప్పుడూ మైకులో వినిపించడమే. ఎవరి రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని మావాళ్లు కూడా చెవులు రిక్కించి వింటారు. మా ఆలోచన అక్కడే పుట్టింది. ఓళిగలు తిని అందరూ వేపచెట్టు కింద చేరిన వేళకు, పాత క్యాలెండరు కాగితం వెనక ఎర్ర, నీలం పెన్సిళ్లతో రాసింది చెట్టుకు కట్టి, “ఇక మన బడి పంచాంగం వినండి” అన్నాము. అందరూ నవ్వారు. కాని కూర్చున్నారు.

ఎడమ వైపు బడి తేదీ, కుడి వైపు మా వాడ లెక్క. ఇలా చదివాము.

“ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. ఒంటిపూట అంటే అన్నం ఉండదనుకోవద్దు. మధ్యాహ్నం అన్నం పెట్టాకే ఇంటికి పంపుతారు.” బడుల్లో వండి వడ్డించే పథకం మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. అయినా ఒంటిపూట అనగానే బడి లేనట్టే అనుకుని పిల్లల్ని పనికి తీసుకుపోయే ఇళ్లు అప్పటికీ ఉన్నాయి.

“ఏప్రిల్ 5 బాబూ జగ్జీవన్ రామ్ జయంతి, మర్నాడు శ్రీరామనవమి. రెండు రోజులు సెలవు. రామనవమి దాటాక పరీక్షలు. పరీక్షలు అయ్యేదాకా పిల్లను ఊరు దాటించవద్దు.

“ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి. ఆ రోజు విగ్రహానికి దండ వేసేలోపు కుల, ఆదాయ పత్రాలకు దరఖాస్తు ఇచ్చి ఉండాలి. మళ్లీ సుగ్గికి పోయేవాళ్లు పోకముందే ఇవ్వాలి.

“భరణి కార్తె రాకముందే బడికి తాళం పడుతుంది. ఐదో తరగతి అయిపోయిన పిల్లల రికార్డు షీటు ఆలోపే అడిగి తీసుకోండి. మృగశిర కార్తె వచ్చిన వారంలో బడి మళ్లీ తెరుస్తారు. ఆనాటికి పిల్ల ఊళ్లో ఉండాలి.”

చదవడం అయ్యాక ఒక్కొక్క ఇంటివాళ్లనూ అడిగాము: “పెద్దమ్మా, నీ మనవడికి ఏం చెయ్యాలి? ఎప్పటిలోగా?” వాళ్లు తిరిగి చెప్పేదాకా వదల్లేదు. ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. “నన్నే పరీక్ష చేస్తావేమిరా?” అన్నాడు. “మొన్న కార్డు రాసి చెడగొట్టినాము పెద్దనాయనా, ఈసారి మా పరీక్ష ఇది” అన్నాము. ఆయన తగ్గి, తప్పు లేకుండా అప్పజెప్పాడు.

పండుగకు రానివాళ్లకు మళ్లీ కార్డులే రాశాము. ఈసారి క్షేమ సమాచారాలు చివరికి పోయాయి. మొదటి వాక్యంలోనే ఎవరు రావాలి, ఎప్పటికి రావాలి, ఏం తేవాలి. కింద, “ఈ కార్డు అందినట్టు మేస్త్రితో ఫోను చేయించండి” అని ఊళ్లోని ఎస్టీడీ బూతు నంబరు. ఆ ఏడాది ఐదో తరగతి ముగించిన మా వాడ పిల్లల్లో ఒక్కడు తప్ప అందరూ జూన్‌లో ఆరో తరగతిలో కూర్చున్నారు. ఆ ఒక్కడికి కబురు అందింది, కాని అప్పు తీరలేదు. కబురుతో తీరని కష్టాలు కూడా ఉంటాయని అప్పుడు తెలిసింది. తీరగలిగినవి మన బద్ధకం వల్ల చెడిపోకూడదన్నదే మా మాట.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, బడికి వాట్సాప్ గ్రూపు ఉంది, ఇంకా ఇదంతా ఎందుకన్నా అని మీరు అనవచ్చు. మొన్న ఉగాదికి మేము ఊరికి పోయి చూశాము. గ్రూపులో సారు పెట్టిన నోటీసు ఉంది. చదవలేని అమ్మ దాన్ని తెరిచింది, సారుకు మాత్రం చూసినట్టు గుర్తు పడింది. ఇంకొకాయన సుగ్గిలో నంబరు మార్చాడు. మూడో ఇంట్లో ఫోను పెద్ద కొడుకు దగ్గర, అతను బెంగళూరులో. చీటీ పోయి ఫోను వచ్చింది గాని, పంపడం వేరు, చేరడం వేరు అన్న సంగతి మారలేదు.

కొన్ని మంచి మార్పులూ వచ్చాయి, వాటినీ మీ పంచాంగంలో చేర్చండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం, టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో పిల్లను చేర్చుకోకపోవడం కుదరదు. వయసు రుజువు లేదనీ కాదనరాదు. నడుమ బడి మానిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది కూడా ఆ చట్టమే. ఈ మాటలు చాలా ఇళ్లకు ఇంకా చేరలేదు. చేర్చవలసింది మనమే.

మా చెల్లెలు సంగతి అడుగుతారేమో. రెండేళ్ల తరువాత బ్రిడ్జి కోర్సులో చేరింది. అక్కడి నుంచి మళ్లీ బడికి వచ్చి పదో తరగతి పాసైంది. పెళ్లయింది, కూతురు ఇప్పుడు రెండో తరగతి. ప్రతి ఉగాదికీ మేము కనిపించగానే నవ్వుతూ అడుగుతుంది: “ఏమన్నా, ఈసారి తేదీ రాసినారా?” అందరూ నవ్వుతారు. మేమూ నవ్వుతాము. తరువాత నోటు పుస్తకం తీసి, తేదీలన్నీ మొదటి నుంచి చివరి దాకా ఆమె ముందే చదువుతాము. ఆమె సరే అన్నాకే చెట్టుకు కడతాము.

తమ్ముళ్లూ, మీ ఊళ్లలో కూడా ఏదో ఒక చెట్టు ఉంటుంది. ఈ ఉగాదికి ఇంటికి పోయేటప్పుడు సంచీలో ఒక పాత క్యాలెండరు కాగితం, రెండు పెన్సిళ్లు పెట్టుకోండి. ముందు సారును అడగండి, తరువాత మీ వాళ్ల లెక్కలో చెప్పండి, చివర వాళ్ల నోట చెప్పించండి.

హాస్టల్ తమ్ముళ్లందరికీ, వార్డెన్ సారుకూ, మాకు అన్నం వండిపెట్టిన అక్కలకూ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ పాత విద్యార్థులు నలుగురు