శీతలపేటికయు అన్నధర్మమును

భగవద్గీత పదునేడవ అధ్యాయమున ఆహారము సాత్త్వికము, రాజసము, తామసము అని మూడు విధములుగా విభజింపబడినది. వండిన పిదప ఒక యామము, అనగా మూడు గంటలు, గడచి రసహీనమైన అన్నము తామసమని అచటి నిర్ణయము. అట్లైన నేడు ప్రతి గృహమునందును కానవచ్చు ఫ్రిజ్ ధర్మమునకు అనుకూలమా, ప్రతికూలమా? ఈ ప్రశ్న విశాఖ కంచరపాలెమున ఒక గృహమునందు చిరకాలము కలహబీజమై యుండెను.

ఆ యింటి అత్తగారు మడితో వండి నివేదన చేయు నిష్ఠాపరురాలు. కోడలు ఉద్యోగిని. సెలవునాడు రైతుబజారునుండి వారమునకు సరిపడు కూరలు తెచ్చి, పిండి రుబ్బి, పులుసులు కాచి ఫ్రిజ్ నిండ పేర్చెడిది. "నిన్నటి కూర నేను ముట్టనమ్మా" అని అత్తగారు, "రోజూ రెండు పూటలా వండడానికి నాకు వీలెక్కడిది అత్తయ్యగారూ?" అని కోడలు. ఇరువురి మాటలయందును సత్యము కలదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకెను. హెచ్చరికలు విన్న కోడలు ముందునాడే ఫ్రిజ్‌ను రెట్టింపుగా నింపియుండెను. విద్యుత్తు పోయి దినములు గడచినను రాలేదు. తలుపు తెరువకున్నచో ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండైన ఫ్రీజరు సుమారు 48 గంటలు చల్లదనమును నిలుపగలవు. అంతకు మించి నిలుపలేవు. నాలుగవనాడు తలుపు తీయగా దుర్గంధము ఇల్లంతయు క్రమ్మెను. ఎప్పటివో తెలియని గిన్నెలు వెనుకవరుసనుండి బయల్పడెను. నగరము పాలకును నీటికిని అలమటించు వేళ, ఆ యింటినుండి బుట్టెడు అన్నము చెత్తకుప్పకు పోయెను. అత్తగారు నిందింపలేదు. "మొదటి రోజే పక్కింటి పిల్లలకు పెట్టి ఉంటే తినేవారు కదమ్మా" అని మాత్రమనెను. కోడలు మారుపలుకలేక కన్నీరు పెట్టెను.

అన్నమును నిందింపరాదు, త్రోసిపుచ్చరాదు, వృద్ధి చేయవలెను, ఇంటికి వచ్చినవారిని కాదనరాదు అని తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి బోధ. మనుస్మృతియు పర్యుషితాన్నమును నిషేధించుచునే, పెరుగును, నేయి నూనెలతో కూడిన భక్ష్యములను మినహాయించినది. కావున దాచుట యంతయు దోషము కాదు. మరచి దాచుట దోషము.

విద్యుత్తు వచ్చిన పిదప ఇరువురును కలిసి పేటికను కడిగి క్రమము నేర్పరచిరి. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజరున మైనస్ 18 డిగ్రీలు. నివేదనకు వలయు పాలు, పెరుగు, వెన్న పై అరలో, లోపలి వైపున. తలుపు తెరచినప్పుడెల్ల వెచ్చబడునది తలుపు అరయే గనుక అచట పాలు ఉంచరాదు. వండినది రెండు గంటలలోపు మూతపెట్టి, తేదీ వ్రాసి, పాతది ముందునకు, క్రొత్తది వెనుకకు. ఆకుకూరలు పొడిగుడ్డలో చుట్టి క్రింది సొరుగున. పండిన ఫలములు వెలువరించు ఇథిలీన్ వాయువు ఆకులను పండబార్చును గనుక వానిని వేరుగా. ఉల్లి, బంగాళాదుంప, అరటి వెలుపలనే. చల్లని గాలి తిరుగుటకు నడుమ ఖాళీ. ప్రతి దశమినాడు అరలన్నియు చూచి, మిగిలినది చెడకముందే ఆకలిగొన్నవారికి పెట్టుట. మరునాడు ఏకాదశీ ఉపవాసము.

సాధకులు గ్రహింపవలసిన దొకటి కలదు. శీతలము సూక్ష్మజీవులను చాలవరకు సంహరింపదు, వాని వృద్ధిని మందగింపజేయును. యోగసూత్రములు క్లేశములకు చెప్పిన ప్రసుప్తావస్థ ఇట్టిదే. అనుకూల పరిస్థితి లేనంతకాలము అణగియుండును. అది కలిగిననాడు మేల్కొనును. లోపల ఏమున్నదో అప్పుడప్పుడు తెరచి చూచుకొనువానికి ఆ భయము స్వల్పము.

నివేదనకు అత్తగారు ఏ పూటకాపూట వండుటను మానలేదు. కాని కోడలు రుబ్బి దాచిన పిండితో వేసిన అట్టును మాత్రము, తేదీ చూచుకొని, ఆరగించుచుండెను.